ఫ్లెమింగో కురచ పావడా

ఒకప్పుడు ఫ్లెమింగోలకి కాళ్ళున్నాయన్న సంగతే ఎవరికీ తెలియదు. అంతేసి పొడుగు కాళ్ళు కనపడకుండా ఎలా ఉంటాయి అంటారా? పావడాలో దాగి ఉండేవి మరి. నడుము నుంచి నీళ్ళ దాకా, పొర మీద పొరగా, లేత గులాబీ రంగు ఈకల పావడా. నడుస్తుంటే నీళ్ళ మీద జీరాడుతూ వెనకాలే వచ్చేది.

ఆ పావడా సోకు కోసం పెరిగింది కాదు. పిల్లల కోసం పెరిగింది. పులికాట్ సరస్సు మీద చలిగాలి మొదలైతే ప్రతి తల్లీ పావడా కాస్త పైకెత్తేది. పిల్ల గబుక్కున లోపలికి దూరేది. పావడా మళ్ళీ దిగేది. ఇక బయట గాలి ఎంత గోల పెట్టినా లోపల పిల్లకి పట్టదు. వెచ్చగా నిద్రపోయేది.

ఆ గుంపులో పగడాలు అని ఒక ఫ్లెమింగో ఉండేది. దానికి ఒక్కటే పిల్ల, పేరు బుడ్డి. బుడ్డి ఒంటి నిండా బూడిదరంగు బొచ్చు. ముక్కు ఇంకా వంకర తిరగలేదు. నోరు మాత్రం ఒక్క క్షణం మూతపడదు.

ఫ్లెమింగోలకి తిండి దొరకాలంటే నాట్యం చేయాల్సిందే. బురదలో కాళ్ళు టపటపా కొడుతూ గుండ్రంగా తిరిగితే, అడుగునున్న పురుగులూ రొయ్యపిల్లలూ పైకి లేస్తాయి. పగడాలు అడుగులు మహా చురుకు. అది తిరిగితే నీళ్ళు కుతకుతా ఉడికినట్టుండేవి. ఏం లాభం? చూసేవాళ్ళకి పావడా ఊగడం కనిపించేది కానీ, అడుగు కనిపించేది కాదు.

ఒకరోజు పక్కనే చేపలు పడుతున్న సంచిముక్కు గూడబాతు ఉన్నమాట మొహం మీదే అనేసింది. "నువ్వేం ఆడతా ఉండావో ఏమో పగడాలూ, నాకైతే తీగ మీద గుడ్డలు ఆరేసినట్టుండాది."

పగడాలుకి తల కొట్టేసినట్టయింది. నేరుగా పీత దగ్గరికి వెళ్ళింది. పుట్టుకతోనే కత్తెరలు ఉన్నాయి కాబట్టి సరస్సులో కత్తిరింపు పనంతా పీతదే.

"మామా, నా అడుగులు కనపడాల. పావడా ఒక్క వేలెడు తీసెయ్యి, చాలు."

"అదెంత సేపు పిల్లా! కదలకుండా నిలబడు" అంది పీత.

పీత పక్కకి నడుస్తుందన్న సంగతి మీకు తెలుసు కదా. పగడాలు చుట్టూ అలా పక్కపక్కకి జరుగుతూ కత్తిరించేసరికి ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం వచ్చింది. "ఉండు, సరిచేస్తా" అని రెండోవైపు కత్తిరించింది. ఇప్పుడు ఇటు ఎత్తయింది. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. అన్నిటికీ "సరిచేస్తా" అనే మాటే. వేలెడు తీయమంటే మూరెడు పోయింది. నాకు ఆ పీత మీద ఇప్పటికీ కోపమే.

పగడాలుకి మాత్రం కోపం రాలేదు. ఎందుకంటే ఆ రోజు అది ఆడుతుంటే సరస్సంతా నోరు తెరిచి చూసింది. నోట్లో ఉన్న చేపని మింగడం మరిచిపోయింది గూడబాతు. "అబ్బ! ఇవేం అడుగులు! ఇన్నాళ్ళూ యాడ దాచి పెట్టుకున్నావు తల్లీ!" అంది.

ఆ సాయంత్రం బుడ్డి పావడాలోకి దూరింది. "అమ్మా, కాళ్ళకి గాలి కొడతా ఉంది."

"కాస్త ముడుచుకోని పడుకో" అంది పగడాలు. ఇంకా ఆ మెచ్చుకోళ్ళే దాని చెవుల్లో ఉన్నాయి.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. అడుగు ఒక్కటే కనపడితే ఎలా, మోకాలు మడత పెట్టే తీరు కనపడొద్దా అనుకుంది. మళ్ళీ పీత. మళ్ళీ ఎత్తూ పల్లం. దాన్ని చూసి మిగతా తల్లులూ వరస కట్టాయి. పీతకి తిండి తినడానికి తీరిక లేకపోయింది.

దూరదేశాల్లో బ్యాలే అని ఒక నాట్యం ఉంది. అది ఆడే అమ్మాయిల నడుము చుట్టూ పొరలు పొరలుగా, పళ్ళెంలా అడ్డంగా నిలబడే కురచ గౌను ఉంటుంది. దాని పేరు టూటూ. వాళ్ళ గౌనులూ ముందు పొడుగ్గానే ఉండేవి. అడుగులు కనపడాలని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పైకి పోయాయి. మన పగడాలు పావడాదీ అదే దారి. కాకపోతే ఆ అమ్మాయిల గౌను కింద పిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదు.

పావడా మరీ కురచయ్యేసరికి దాని ఈకలు తడిసిన కోడి ఈకల్లా వేలాడాయి. అప్పుడు పీత ఒక ఉపాయం చెప్పింది. "ఉప్పునీళ్ళలో బాగా ముంచి ఎండలో నిలబడు పిల్లా. గంజి పెట్టినట్టు నిలబడిపోతుంది."

నిజంగానే నిలబడిపోయింది. గట్టిగా, విచ్చుకుని, గులాబీ పళ్ళెంలా. ఎంత అందంగా ఉందో! అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా అందంగా ఉంది. అది చూసి మిగతా తల్లులూ తమ పావడాలు అలాగే ముంచి ఎండబెట్టుకున్నాయి.

సాయంత్రం బుడ్డి వచ్చింది. "అమ్మా, పావడా దించు."

"అది దిగదు బుడ్డీ. బిగుసుకోని పోయింది."

"మరి నేను?"

"రేపు పెద్ద ఆట ఉండాది. అది కానీ. ఈ ఒక్క పూటకి ఓర్చుకో, నా బంగారు గదా!"

బుడ్డి ఓర్చుకుంది. అమ్మ అడిగితే పిల్లలు ఎంతకైనా ఓర్చుకుంటారు.

మర్నాడు ఆట మొదలయ్యేసరికే సముద్రం వైపు నుంచి ఈదురుగాలి లేచింది. పగడాలు అందరికంటే ముందు నిలబడి ఆడుతోంది. బుడ్డి నీళ్ళలో తడుముకుంటూ వచ్చింది.

"అమ్మా, చలి."

"ఇదొక్క చుట్టు బుడ్డీ. ఇదొక్కటే."

ఆ చుట్టు పూర్తవలేదు. వాన విరుచుకు పడింది, రాళ్ళు విసిరినట్టుగా. తల్లులన్నీ ఆట వదిలేసి పిల్లల కోసం పరిగెత్తాయి. పావడాలు దించబోతే బిగుసుకున్న ఈకలు పుటుక్కుమని విరిగి నీళ్ళలో కొట్టుకుపోయాయి. రెక్కలు కప్పొచ్చు కదా అంటారా? కప్పాయి. అంత ఎత్తు కాళ్ళ మీద నుంచి రెక్క కిందికి ఎంతని అందుతుంది? కూర్చుందామంటే కింద నీళ్ళు. చలికి ఆగలేక పిల్లలు ఒక్కొక్కటే జారుకున్నాయి.

"బుడ్డీ! బుడ్డీ!" పగడాలు అరుస్తూ సరస్సంతా తిరిగింది. చివరికి ఒక బురద దిబ్బ మీద కనిపించింది. బుడ్డి ఒక్కటే కాదు, పిల్లలన్నీ ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి అతుక్కుని, తలలు లోపలికి పెట్టుకుని, బూడిదరంగు ముద్దలా ఉన్నాయి. మరీ చిన్నవి మధ్యలో ఉన్నాయి. బుడ్డి గాలివైపు నిలబడి, వాటికి తన వీపు అడ్డం పెట్టింది. వాన హోరులో తల్లి పిలుపు దానికి వినపడలేదు.

తెల్లారి వాన వెలిసింది. పగడాలు దిబ్బ దగ్గరికి వచ్చింది. ఆ వయ్యారం నడక ఏమైపోయిందో.

"రా బుడ్డీ. ఇంక ఆటలేదు, పాటలేదు. నా కింద నిలబడు రా."

బుడ్డి తల్లి వైపు చూసింది. దానికి కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, బతిమాలి పోగొట్టొచ్చు.

"నీ కింద చోటు లేదు గదమ్మా" అంది మామూలుగా. "ఇక్కడ బాగుండాది. ఒకరికొకరం అడ్డం నిలబడతాం."

పగడాలు కిందికి చూసుకుంది. గుప్పెడు పావడా. దాని కింద ఇంతే నీడ. ఆ నీడంతా తన రెండు కాళ్ళే ఆక్రమించాయి.

నెమ్మదిగా ఒక కాలు పైకి లాగి, ఈకల్లోకి ముడుచుకుంది. ఒంటికాలి మీద తూలి, నిలదొక్కుకుంది.

"ఇదిగో చూడు, ఒక కాలు తీసేశా. ఇప్పుడు చోటుండాది. ఒక్క పిల్ల పడుతుంది. రావే తల్లీ."

బుడ్డి ఒక అడుగు ముందుకు వేసింది కూడా. అంతలో దిబ్బ మీద నుంచి పిల్లలు పిలిచాయి. అది వెనక్కి తిరిగి గుంపులో కలిసిపోయింది. అన్నీ ఒకే రంగు. అందులో బుడ్డి ఏదో పగడాలు గుర్తు పట్టలేకపోయింది.

అయినా అది కాలు దించలేదు. దించితే ఆ కాస్త చోటూ పోతుందని భయం. మిగతా తల్లులు దాన్ని చూశాయి. ఒక్కటీ నవ్వలేదు. ఒక్కొక్కటే తమ కాలూ పైకి ముడుచుకున్నాయి.

అప్పటినుంచే ఫ్లెమింగో పిల్లలు తల్లుల్ని వదిలి, ఒకచోట గుంపుగా చేరి నిలబడుతున్నాయి. తల్లులు కురచ పావడాలతో నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి ఉంటున్నాయి, రెండో కాలి చోటు పిల్లకి ఖాళీగా ఉంచి.