చక్రం మీద వేలు

కౌముదికి లెక్కలంటే నీళ్లు తాగినంత సులువు. అందుకే గురువుగారికి ఇంకెంత కాలం మిగిలిందో డాక్టర్లు నోరు విప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

దేవదానంగారు జీవితమంతా రక్తాన్ని పుట్టించే మూలకణాల మీద పనిచేశారు. ఇప్పుడు ఆయన ఎముకల్లోనే ఆ కణాలు ఎండిపోయాయి. సరిపడే దాత దొరకలేదు. దొరికింది ఒక్కటే. ఎవరో తల్లి తన బిడ్డ బొడ్డుతాడు నుంచి ఇచ్చిన చిన్న సంచీడు రక్తం. అందులోని మూలకణాలు పసిపిల్లకైతే సరిపోతాయి, పెద్దమనిషికి చాలవు. వాటిని ల్యాబులో పెంచాలి. ఆ పని కౌముదిది.

పెరగమని కణానికి చెప్పే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని కణం లోపలికి పంపడమే కష్టం. గురువుగారు నేర్పిన పద్ధతిలో కొద్దికొద్దిగా చుక్కలు వేస్తూ, కణం తనంతట తాను తీసుకునేదాకా ఆగాలి. ప్రోటీన్ కాసేపటికే కరిగిపోతుంది. మళ్లీ వేయాలి.

కౌముది వేరే దారి పట్టింది. కరెంటు దెబ్బ కొడితే కణం గోడకు క్షణంపాటు చిల్లులు పడతాయి. ప్రోటీనంతా ఒక్కసారే లోపలికి పోతుంది. వేరే రక్తం మీద రెండు పద్ధతులూ చేసి చూసింది. చుక్కలతో కణాలు మూడింతలయ్యే వేళకి, దెబ్బతో తొమ్మిదింతలయ్యాయి.

విశాఖలో ఆ వారమంతా ముసురు. ఆ అంకెలున్న కాగితం పట్టుకుని, తడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తింది.

ఆయన చేతికి రక్తం ఎక్కుతోంది. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది.

“తొమ్మిదింతలు సార్!”

“ఊపిరి తీసుకో తల్లీ. మన ఇద్దర్లో రోగిని నేను.”

“మీరు ఊఁ అంటే రేపే మీ సంచీ ఫ్రీజర్లోంచి తీస్తాను.”

“ఎలకల్లో పెట్టి చూశావా? రక్తం పుట్టిందా?”

“అది తేలాలంటే నెలలు పడుతుంది సార్. అన్ని నెలలు...” మాట మింగేసింది.

“నాకు లేవు. అను, ఫరవాలేదు. నాకూ లెక్కలొచ్చు.”

కౌముది తల వంచుకుంది. “చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే అందుకోలేం సార్. ఉన్నది ఒక్క సంచీ. ఉన్న కాస్త టైమూ అయిపోతోంది.”

ఆయన పైన వేలాడుతున్న రక్తం వైపు చూశారు. సగం కూడా ఖాళీ కాలేదు.

“ఇదీ అంతే. ఎప్పట్నుంచో ఎక్కుతూనే ఉంది. ఆ ట్యూబు మీద చుక్కల వేగం మార్చే చక్రం ఉంది చూడు, పూర్తిగా తిప్పెయ్.”

“సార్?”

“ఎటూ నాలోకి పోవాల్సిందేగా! ఒక్కసారే పోనీ.”

గురువుగారి మాట కాదనడం ఆమెకు అలవాటు లేదు. లేచి, చక్రం మీద వేలు పెట్టింది.

ఒక చుక్క రాలింది. ఇంకో చుక్క. దుప్పటి కింద ఆయన ఛాతీ ఎగసి ఎగసి పడుతోంది. మెడ మీద నరం కొట్టుకుంటోంది.

వేలు కదల్లేదు.

“ఏమైంది?”

“మీ గుండె తట్టుకోదు సార్.”

“లెక్క వేశావా?”

“లెక్కెందుకు సార్! మిమ్మల్ని చూస్తున్నాగా!”

దేవదానంగారు కళ్లు మూసుకున్నారు.

“ఆ కణాల్నీ ఒకసారి చూడు తల్లీ.”

యంత్రం లెక్కపెట్టి ఇచ్చిన అంకె చూసే కౌముది అప్పటిదాకా సంబరపడింది. ల్యాబుకు వచ్చి, తొమ్మిదింతలైన ఆ కణాల్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. మూలకణం చిన్నగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఇవి ఉబ్బిపోయి ఉన్నాయి. లోపలంతా గరుకు తేలింది. పెరిగాయి గానీ, ఇంకొకదాన్ని పుట్టించే వయసు వాటికి దాటిపోయింది. వెతగ్గా వెతగ్గా మూలకణాలన్నవి ఒకటో రెండో కనిపించాయి.

పక్క పళ్లెంలో, చుక్కలతో పెరిగినవి కొన్నే ఉన్నాయి. నిగనిగలాడుతున్నాయి.

కౌముది లేచి కరెంటు యంత్రం తీగ పీకేసింది.

మర్నాడు, ఆయన సరేనన్నాక, ఆ ఒక్క సంచీనీ కరిగించింది. మొదటి చుక్క వేసి ఆగింది.

ముసురులో, కిటికీ అవతల ఆసుపత్రి మసకగా కనిపిస్తోంది. అక్కడా ఆయన ట్యూబులో చుక్కలు పడుతూ ఉంటాయి. ఎక్కడివి ముందు ఆగిపోతాయో ఆమె లెక్క వేయలేదు.

రెండో చుక్క వేసింది.