కొబ్బరికాయ చూపిన ఉద్యోగం

కదిరిలో సునయన అనే అమ్మాయి ఉండేది. జియాలజీలో డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైంది గానీ, ఎవరైనా గొంతు పెంచి చెబితే చాలు, అదే నిజమనుకుని తలూపేది.

పక్కింటాయన కంప్యూటరు నేర్చుకోమంటే నెల రోజులు నేర్చుకుంది. పెద్దమ్మ టీచరు కమ్మంటే ఆ దరఖాస్తూ తెచ్చుకుంది. ఆఖరికి కోచింగ్ సెంటరు నడిపే మేనమామ చలపతి వచ్చి, "బ్యాంకు పరీక్షలు రాయాల్సిందే! మన కోచింగ్ సెంటర్లో చేరు" అని గదమాయించాడు. దానికీ తలూపింది. సరిగ్గా అప్పుడే, బోరు నీళ్ళకు చోటు చూపించే ఒక చిన్న సంస్థ నుంచి ఆమెకు పిలుపొచ్చింది. సోమవారంలోగా జవాబు చెప్పాలి. ఆమె చదివిన చదువంతా ఆ పని కోసమే. మనసంతా దాని మీదే ఉంది. పిలుపు సంగతి ఇంట్లో చెప్పింది గానీ, అందులోనే చేరతానని మాత్రం అనలేకపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె తండ్రి వెంకటరాముడు, చేనులో బోరు వేయించడానికి ఓబులేసును పిలిపించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడవడం, కాయ లేచి నిలబడిన చోట నీళ్ళున్నాయని చెప్పడం ఓబులేసు పని.

"అట్లే మా పాప ఏ ఉద్యోగం చేయాల్నో కూడా చూడప్పా" అన్నాడు వెంకటరాముడు.

"ఇది నీళ్ళు చూసే కాయప్పా, ఉద్యోగాలు చూస్తాదా?" అని ఓబులేసు నవ్వాడు.

వాళ్ళ వెంట చేనుకొచ్చిన చలపతి వదల్లేదు. మూడు రాళ్ళు తెచ్చి వరసగా పెట్టి, ఒకటి బ్యాంకు, ఒకటి బడి, ఒకటి బోర్లు అన్నాడు. పాపం, ఓబులేసు మొహమాటానికి నడిచాడు. బ్యాంకు రాయి దగ్గర కాయ నిలబడింది.

"చూస్తివా! కాయ కూడా నా మాటే చెప్పె!" అని చలపతి తొడగొట్టాడు. ఇక ఈ పిల్ల తలూపడమే తరువాయి అన్నట్టు అందరూ సునయన వైపు చూశారు.

సునయనకు ఒళ్ళు మండిపోయింది.

"మామా, నువ్వెప్పుడన్నా బ్యాంకులో పని చేసినావా?" అని అడిగింది.

"లేదు."

"పరీక్ష రాసినావా?"

"నాలుగుసార్లు రాసినా."

"పాసైనావా?"

చలపతి మొహం కందగడ్డయింది. "నన్నే ఎదిరిస్తావా? నా మాట వినకుంటే నా ఇంటి గడప తొక్కొద్దు!" అని అరిచాడు.

"తొక్కను మామా. నాకు ఆ పని చేసినోళ్ళ మాట కావాల" అంది సునయన.

మర్నాడే తన లెక్చరర్ని అడిగి, ఇరవయ్యేళ్ళుగా బోర్లకు చోటు చూపించే పనే చేస్తున్న సుభాషిణి దగ్గరికి వెళ్ళింది. "మేడమ్, ఈ ఉద్యోగంలో చేరమంటారా?" అని అడిగింది.

"నేను చెప్పను. ఈ పొద్దు నాతో నడువు. ఆ తర్వాత నువ్వే చెప్పుకో" అంది సుభాషిణి.

సునయన రోజంతా వైరు చుట్టలు మోసింది. నేలలో మేకులు కొట్టి, వాటికి కరెంటు పంపి, నీటి జాడ కోసం మీటరు చూసి లెక్కలు రాసింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. దారి పొడవునా సుభాషిణి ఏదీ దాచలేదు. మొదట్లో జీతం తక్కువంది. నీళ్ళు పడకపోతే రైతు నోటికొచ్చినట్టు తిడతాడంది. సాయంత్రానికి ఆ పిల్ల ఒళ్ళు హూనమైంది, మనసు మాత్రం తేలికపడింది.

ఇంటికొచ్చి, "నేను బోర్ల పనిలో చేరతాండా నాయనా" అంది.

"ఎండకు తట్టుకుంటావా పాపా?"

"చూసొచ్చినాకనే చెప్తాండా."

ఈసారి వెంకటరాముడే తలూపాడు. సోమవారం సునయన ఉద్యోగంలో చేరింది.

ఆమె చూపించిన మొదటి బోరులో దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. రైతు తిట్టాడు. చలపతి ఆ సంగతి ఊరంతా చాటాడు. తిట్లుంటాయని తెలిసే వచ్చింది గనక సునయన బెదరలేదు. మర్నాడు పొద్దున్నే అదే రైతు చేనుకు వెళ్ళి మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.

గొంతు పెద్దదైతే సలహా మంచిదైపోదు. ఏ పనిలో చేరాలన్నా ఆ పని చేసినవాళ్ళనే అడగాలి, కష్టం దాచకుండా చెప్పేవాళ్ళనే నమ్మాలి, నిర్ణయం మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.