అతుకుల గౌరి కరుణించిన పాతచీరల దుకాణము

అక్షతలు చేతబట్టుకొని, సెల్‌ఫోనులు దూరముగా పెట్టి, అందరును సావధానముగా వినవలెను.

పూర్వమొకప్పుడు తపోవనమున వల్కలుడను ముని, తన నారచీర చిరుగును చేతితో కప్పుకొనుచు, తంతువర్ధన మహర్షి కడకు వచ్చి నమస్కరించి యిట్లడిగెను. "మహాత్మా! కలియుగమున స్త్రీలు తలుపు మూతపడనంతగా నిండిన బీరువా ముందు నిలిచి, కట్టుకొనుటకు ఒక్క చీరయైన లేదని దుఃఖింతురట. పురుషులును అంతియేనట. ఈ వింత దుఃఖము తొలగు వ్రతమేదైన కలదా? దాని నెవరాచరించి ఫలము పొందిరి?"

మహర్షి నవ్వెను. "నాయనా, ఏనుగుతోలు కట్టుకొను మగనితో కాపురము చేయు తల్లికి బట్టల బాధ తెలియకపోవునా? అతుకుల గౌరీ వ్రతమని యొకటి కలదు. కలియుగమున జరుగబోవు కథయే యైనను జరిగినట్లుగా చెప్పెదను, వినుము" అని యిట్లు చెప్పసాగెను.

గోదావరీ తీరమున రాజమహేంద్రవరమను పట్టణమున వకుళ యను ఇల్లాలు కలదు. ఆమెకు పాతచీరలనిన ప్రాణము. ఒకనాడు పాతబట్టలకు స్టీలు సామానులిచ్చువాడు వీధిలోకి వచ్చి, పొరుగింటివారి పట్టుచీర తీసికొని యొక గిన్నె యిచ్చెను. ఆ చీర యేమగునని వకుళ యడుగగా, జరీ కొనువారికి అమ్మెదననియు, వారు దానిని కాల్చి వెండి తీసికొందురనియు వాడు చెప్పెను. ఆ మాట విని వకుళ వెంటనే ఇంటిలోనికి పరుగెత్తి, తన కొత్త కుక్కరును వాని గంపలో పెట్టి, ఆ చీరను విడిపించుకొని వచ్చెను. ఆ పూట వంట ఆలస్యమైనను భర్త పల్లెత్తు మాట అనలేదు. అతడు సాధుపురుషుడు.

వకుళ ఆడపడుచు కస్తూరి చిరుగులను రఫూ చేయుటలో మిక్కిలి నేర్పరి. వదినా ఆడపడుచులిద్దరును కలిసి ఒక సందులో "మళ్ళీకట్టు" అను పేర బొటిక్కు తెరచిరి. బాగున్న పాతచీరలను ఉతికి ఇస్త్రీచేసి వ్రేలాడదీసిరి. బాగులేనివాటిని గౌనులుగను సంచులుగను కుట్టిరి. అయినను ఎవరును కొనరైరి. వచ్చిన ఒకరిద్దరును, ఎవరు కట్టి విడిచినవో ఏమోనని ముక్కు చిట్లించి వెడలిపోయిరి.

అంతట ఆషాఢ శుక్రవారము వచ్చెను. పట్టణమంతయు తగ్గింపు ధరల దుకాణముల ముందు తోసికొనుచుండగా, గౌరీదేవి ముసలి ముత్తైదువ రూపము దాల్చి, మోకాలికడ పచ్చని అతుకు వేసిన ఎర్రచీర కట్టుకొని, మళ్ళీకట్టు గుమ్మమున నిలిచెను.

"ఏమ్మా, దుకాణం తెరిచి ఈగలు తోలుకుంటన్నారేంటి?" అనెను.

వకుళ కన్నీరు పెట్టుకొని తన గోడు చెప్పుకొనెను. అప్పుడా తల్లి యొక వ్రతము నుపదేశించెను. ఆషాఢమున ఒక శుక్రవారము కలశము నిలిపి, పాతచీరతో అలంకరించి, చిరిగిన బట్ట నొకదానిని స్వహస్తములతో బాగుచేయవలెను. పూజకై బజారునుండి ఏ వస్తువును కొనరాదు, ఇంట నున్నదే నైవేద్యము. పిమ్మట ఏడాది పొడుగున ఏ బట్ట అమ్మినను, దాని నెవరు కట్టిరో, ఎచట చిరిగెనో ఉన్నదున్నట్లు చెప్పి యివ్వవలెను. ఇట్లు చెప్పి ఆమె తన అతుకునుండి గుడ్డపేలిక నొకదానిని చించి, కలశముకడ నుంచుకొమ్మని యిచ్చి వెడలిపోయెను.

వారట్లే చేసిరి. మరునాడే కాలేజీలో పాఠములు చెప్పు నొకామె వచ్చి నీలిచీర యొకటి చేతపట్టెను. వకుళ దాని కొంగు విప్పి, ఇది పోస్టాఫీసులో పనిచేసిన రంగనాయకమ్మగారిదనియు, ఈ మరక సిరా యనియు, ఎన్నిసార్లు ఉతికినను పోలేదనియు చెప్పెను. ఆమె పకపక నవ్వి, తన చీరలన్నిటికిని అదే మరక కలదని చెప్పి, సంతోషముతో కొనుక్కొనిపోయెను. ఆమె చెప్పగా పదుగురు వచ్చిరి. సందులో స్కూటర్లు నిలుపుటకు చోటు లేకపోయెను. కస్తూరి సూదికి తీరిక లేకపోయెను. ఇద్దరును సుఖముగా నుండిరి.

సిరి వచ్చినప్పుడు మతి జారుట మానవులకు సహజము గదా! ఒకనాడు కారులో నొక శ్రీమంతురాలు వచ్చి, ఇది ఏ రాణీగారిదో కదా యని యొక చీరను చూపి అడిగెను. వకుళ నాలుక జారెను. "దివాణంలోదేనండి" అనెను. ఆమె చిరుగైనను చూడక కొనుక్కొనిపోయెను. అంతే, నాటినుండి ఆ దుకాణమున సామాన్యుల చీర యన్నది లేకపోయెను. భూలోకమున నున్న దివాణములన్నిటికంటె వకుళ దండెముపైన రాణులు ఎక్కువైరి.

"వదినా, నిన్న బళ్ళో పనిచేసే ఆయమ్మ చీరని కూడా రాణీగారిదన్నావ్. ఇదేం బాలేదు" అని కస్తూరి మందలించెను.

"నువ్వూరుకో కస్తూరీ. రాణులైతేనే వెళ్తన్నాయి" అని వకుళ కసురుకొనెను.

మరల ఆషాఢము వచ్చెను. వకుళ తానును తగ్గింపు ధరల బోర్డు కట్టి, ఆ సందడిలో గౌరమ్మను మరచెను. చీర లెవరివని యడుగుటయు మానెను. చిరుగుల మీద కొత్త అంచులు కుట్టి దాచెను. ఆ విధముగనే, స్టీలు సామానులవాడు తెచ్చిన ఆవపువ్వు రంగు చీరను, రాణీగారు పట్టాభిషేకమున కట్టినదని చెప్పి, సౌగంధి యను పెండ్లికూతురునకు అమ్మెను. సౌగంధి తల్లి ఆ మాటను ఊరంతయు చాటెను.

శ్రావణమున పెండ్లి జరిగెను. సౌగంధి ఆ చీర కట్టుకొని పందిట కూర్చుండగా, పెండ్లికొడుకు బామ్మ మంగాయమ్మ దగ్గరకు వచ్చి, కొంగు పట్టి చూచి, పట్టరాని సంబరముతో కేక పెట్టెను.

"ఓరినాయనో, ఇది నా చీరే! ఇదిచ్చేసి బేసిను తీసుకున్నాను గదా! ఇందాక మీరంతా తిన్న పులిహోర కలిపింది ఆ బేసిన్లోనే!"

పందిరంతయు గొల్లుమనెను. సౌగంధి తల వంచుకొని కన్నీరు పెట్టుకొనెను. మరునాడు ఆమె తల్లి వచ్చి ఆ చీరను వకుళ ముందు విసరికొట్టెను. "రాణీగారంటివి గదమ్మా! మా పరువు తీసుకెళ్ళి గోదాట్లో కలిపేశావ్" అనెను. ఆ వార్త విని, రాణుల చీరలు కొన్నవారందరును వరుసగా వచ్చి తిరిగి యిచ్చిరి. నిజముగా మంచివైన చీరలను సైతము ఎవరును నమ్మరైరి. దుకాణమున మనుషుల అలికిడి పోయి చిమ్మెటలు చేరెను. వకుళ విసిగి, జరీ కొనువానికే కబురు పంపెను. ఎట్టి చీరను మంటనుండి కాపాడుటకు కుక్కరు నిచ్చెనో, అట్టి చీరలనే మంటకు పంప సిద్ధపడెను.

జరీ కొనువాడు గోనెసంచులతో వచ్చెను. చీరలు దించుచున్న కస్తూరికి దేవి యిచ్చిన పచ్చని గుడ్డపేలిక కనబడెను. "వదినా! ఈ ఏడు మనం గౌరమ్మని నిలపనే లేదు" అనెను. వకుళ లెంపలు వేసికొని, వచ్చినవానిని వట్టి సంచులతో పంపివేసెను. ఆషాఢము దాటినను, ఆ శుక్రవారమే కలశము నిలిపి, ఇంట నున్న బెల్లమును వడపప్పును నైవేద్యము పెట్టి పూజించిరి. పిమ్మట వకుళ ఆవపువ్వు రంగు చీర అంచు విప్పెను. క్రింద రెండు కొసలను ఒరసికొనిపోయిన గుర్తులు కనబడెను. దానిని తీసికొని మంగాయమ్మ యింటికి పోయి, తాను చెప్పినది అబద్ధమని సౌగంధి యెదుటనే ఒప్పుకొని, ఈ గుర్తు లెక్కడివని యడిగెను.

మంగాయమ్మ చీరను ఒడిలోనికి తీసికొనెను. "ఉయ్యాల తాడు ఒరుసుకున్నదమ్మా. మా పిల్లలంతా ఇందులో ఊగినోళ్ళే. పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నయితే ఇందులో తప్ప నిద్రపోయేవోడు కాదు. పెద్దోళ్ళయ్యారు గదా అని ఇచ్చేశాను. ఇచ్చినకాడ్నించీ బెంగే. అందుకే పందిట్లో అంత కేకెట్టాను. నవ్వులపాలు చెయ్యాలని కాదే అమ్మాయ్" అని సౌగంధి గడ్డము పట్టుకొనెను.

సౌగంధి కన్నులు తుడుచుకొనెను. "రాణీగారిదైతే ఒకపూట కట్టి దాచేద్దును బామ్మగారూ. ఇది మామయ్యగారి ఉయ్యాల. నాకు కావాలి" అనెను.

సౌగంధి తల్లి ఈ కథను రాణీ కథకంటె గట్టిగా ఊరంతయు చాటెను. జనులు తమ తల్లుల చీరలను, తాతల కండువాలను తామే తెచ్చి, వాటి కథలు చెప్పి యిచ్చిరి. స్టీలు సామానులవాడు సైతము, ఏ చీర ఎవరిదో పేరడిగి, నేరుగా వకుళ కడకే తేసాగెను. మళ్ళీకట్టు మునుపటికంటె కళకళలాడెను.

సౌగంధికి ఆడపిల్ల పుట్టెను. బారసాలనాడు ఆ చీరతోనే ఉయ్యాల కట్టిరి. వకుళయు కస్తూరియు వెళ్ళిరి. లాలిపాటలు పాడు ముత్తైదువల నడుమ, ఎర్రచీర కట్టిన యొక ముసలమ్మ ఉయ్యాల తాడు పట్టుకొని ఊపుచుండెను. వకుళ చేతులు జోడించి దగ్గరకు పోవునంతలో ఆమె కనబడలేదు. ఉయ్యాల కొసను ఒరసిపోయినచోట మాత్రము, కస్తూరి కుట్టని పచ్చని అతుకు ఒకటి కనబడెను. పాప దానిని గుప్పిట పట్టుకొని హాయిగా నిద్రపోవుచుండెను.

ఓ వల్కలా! ఈ వ్రతమును బీరువా నిండియు మనసు నిండనివారును, కొత్తగా దుకాణము పెట్టువారును, సూదినే నమ్ముకొన్నవారును, కొత్త కోడండ్రును, వారి అత్తలును చేయవచ్చును. చిరిగిన బనియనును విడువలేని మగవారు చెప్పకయే చేయుచున్నారు. చేసినవారికి వస్త్రములు చాలకపోవుట యుండదు, అమ్మినవారికి మాట పోవుట యుండదు. ఉద్యాపనమున పురోహితునకు ఇంటి పాతపంచె నిచ్చినను తప్పులేదు, దాని కథ చెప్పి యిచ్చిన చాలును.

ఇట్లు మహర్షి చెప్పగా విని, వల్కలముని చిరుగుమీది చేయి తీసివేసెను. "స్వామీ, ఇది లేడిపిల్లను ముళ్ళకంపనుండి తీయునప్పుడు చిరిగినది" అని చెప్పి, సూదియు దారమును అడిగి తీసికొని, అక్కడనే కూర్చుండి కుట్టుకొనెను.

కథ విన్నవారు అక్షతలు అమ్మవారి పాదములకడ నుంచి, మిగిలినవి తమ పాత కొంగున ముడివేసికొని, చల్లగా నుండవలెను.