నిప్పు అడిగిన ఫకీరు

ఫకీరు శిష్యుడు మాబుకు బెంగ పట్టుకుంది. రోజూ పొద్దున్నే గిన్నెడు అన్నం తీసుకెళ్లి ఓబులమ్మ అనే పిల్ల వాకిట్లో పెట్టి వస్తున్నాడు. ఆ పిల్ల తింటోంది, చెల్లెలికి పెడుతోంది, నోరు మాత్రం విప్పదు. వాంతిభేదుల జబ్బు ఊరు విడిచి చాన్నాళ్లయింది. దానితో అమ్మా నాయనా పోగా ఆ ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరు పిల్లలే. జబ్బు మళ్లీ అంటుకుంటుందేమోనని జనం ఆ గడప తొక్కడం లేదు.

భయం లేదని మాబు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. అందరూ తలూపారు. తలూపడానికి ఖర్చేముంది.

"ఈ ఊరోళ్లవి రాతి గుండెలు, హజరత్," అన్నాడు గురువుతో. మాబు మంచివాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ముసలి ఫకీరు హుసేన్ పీరా లేచి, చెంబెడు నీళ్లు తెచ్చి, ఎసరు పెట్టిన పొయ్యిలో పోసేశాడు.

"అయ్యో, మరి పిల్లోళ్లకు కూడు ఎట్ల?"

ఫకీరు ఓ పిడక పట్టుకుని బయల్దేరాడు, వెనకే మాబు. ఆ పల్లెలో అగ్గిపెట్టె ఉన్న ఇళ్లు తక్కువ. పొయ్యి ఆరితే పొరుగింట నిప్పు అడిగి తెచ్చుకుంటారు. ఆయన అన్ని ఇళ్లూ దాటి ఓబులమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, కాస్త నిప్పు పెడతావా?"

ఓబులమ్మ తెల్లబోయింది. "మా పొయ్యి ఎప్పుడో ఆరిపాయ తాతా. మాబన్న కూడు తెస్తాండాడు గదా."

మాబుకు ఆ మాట సూటిగా తగిలింది.

"మీయమ్మ ఎట్ల ముట్టిస్తా ఉండె?" అన్నాడు ఫకీరు.

ఆ పిల్ల లోపలికి వెళ్లింది. గూట్లోంచి చెకుముకిరాయి, ఇనప ముక్క, ఇంత దూది తీసింది. చెల్లెలు పుల్లలు ఏరుకొచ్చింది. కొట్టీ కొట్టీ ఓబులమ్మ వేలు చితికింది. ఫకీరు సాయం పట్టలేదు, మాబును పట్టనివ్వలేదు. చివరికి దూది అంటుకుని, ఇంటి కప్పులోంచి పొగ లేచింది. ఓబులమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే పుల్లలు ఎగదోసింది.

ఫకీరు పిడక అంటించుకుని వీధి మధ్యగా నడిచాడు.

"నిప్పు ఎక్కడిది తాతా?" అంది పక్కింటి గంగులమ్మ.

"ఓబులమ్మ ఇచ్చింది."

ఆ నిప్పు మీదే వండి, ఊరంతా చూస్తుండగా తిన్నాడు. పిల్లలకూ పంపాడు.

మర్నాడు గంగులమ్మ పొయ్యి ఆరింది. ఆరిందో, ఆర్పుకుందో. పిడక పట్టుకుని ఆ గడప దగ్గర కాసేపు తచ్చాడి, "ఓబులూ, రవంత నిప్పు పెట్టు మే," అంది.

ఆ సంగతి విని మాబు గిన్నె పట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు. "ఇంక ఆ ఇంటికి అన్నం తీసుకుపోవాల్నా, వద్దా?"

"బియ్యం తీసుకుపో," అన్నాడు ఫకీరు.