సైదమ్మ విప్పని పంపు

డీజిల్ పని నేర్చుకోవడానికి సైదమ్మ జానీమియా షెడ్డులో చేరి పదకొండు నెలలైంది. ఫిల్టర్లు మార్చింది, రేడియేటర్లు కడిగింది, ట్రాక్టర్ల కింద దూరి ఒళ్లంతా నల్లగా చేసుకుంది. ఇంజనుకు డీజిల్ అందించే పంపును మాత్రం ఉస్తాదు ఆమె చేతికి ఇవ్వలేదు. పంపు విప్పడం వస్తేనే మెకానిక్కు. అది రానంతకాలం ఎన్ని బోల్టులు బిగించినా చేతికింది మనిషే.

ఆడపిల్లకు పానాలెందుకని నీతులు చెప్పేవాళ్లకు సైదమ్మ దగ్గర జవాబుంది. తిప్పేది ఆడో మగో బోల్టు ఎన్నడూ అడగలేదు, మధ్యన మీకేం నొప్పి అనేది. ఉస్తాదు దగ్గర ఆ నోరు లేచేది కాదు. ఆ పొద్దున మాత్రం లేచింది. ఈ వారంలో పంపు ఇవ్వకపోతే సోమవారం నుంచి మిర్యాలగూడలో పెద్ద షెడ్డుకు పోతానంది.

జానీమియా టీ ఊదుకున్నాడు. ఇంతలో సోమక్క ఫోన్ చేసింది. చేలో కోత మిషన్ ఆగిపోయిందట.

"నువ్వే పో," అన్నాడు ఉస్తాదు. "నేను ఎనక వస్త."

సోమక్కది మూడెకరాల వరి. నిన్న ఎకరం కోశారు, రెండెకరాలు నిలబడే ఉంది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. అది కురిసిందంటే పైరు పడిపోయి గింజంతా బురదపాలే. మిషన్ డ్రైవర్ లింగయ్య గట్టు మీద కూర్చుని, ఉస్తాదుకు కాళ్లనొప్పులా, నిన్ను పంపిండు అన్నాడు. నీ డొక్కు మిషనుకు నేను చాలునన్నడు అని సైదమ్మ పైకెక్కింది.

ఇంజను స్టార్టయింది. పావుగంట నడిచింది, దగ్గింది, ఆగింది. డీజిల్ దారిలో గాలి దూరుతోందని సైదమ్మ తేల్చింది. డీజిల్‌కు గాలి పగ అన్నది షెడ్డులో మొదటిరోజు పాఠం. అందుకని పైపులన్నీ బిగించింది. ట్యాంకు మూత ఎక్కడో పడిపోతే, రాత్రి వానకు భయపడి లింగయ్య యూరియా బస్తా లోపలి కవరును మూతి చుట్టూ చుట్టి సైకిల్ ట్యూబుతో కట్టాడు. ఆ కట్టూ నమ్మబుద్ధి కాలేదు. దాని మీద ఇంకో కవరు చుట్టి, చీమ కూడా దూరకుండా బిగించింది. దారిలో గాలి తీసేసి మళ్లీ స్టార్ట్ చేసింది.

ఈసారి పది నిమిషాలకే ఆగింది.

ఇంక అనుమానం లేదు, పోయింది పంపే. సోమక్క ముఖం చూసి బాధ నటించింది గాని, సైదమ్మకు లోపల పండగే. పానాలు గట్టున వరసగా పరిచింది. పంపు విప్పి, పట్నం పంపించి బాగుచేయించి తెప్పించడానికి రెండు రోజులు పడుతుందని చెప్పింది.

సోమక్క మబ్బు వైపు చెయ్యి చూపింది. "రెండు రోజులు ఆగుమని దానికి గూడ నువ్వే చెప్పు బిడ్డా."

అప్పుడొచ్చాడు జానీమియా, మోపెడ్ టకటకలాడించుకుంటూ. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాంకు దగ్గర కాసేపు నిలబడ్డాడు. వేలు పెట్టలేదు. సంచీలోంచి పల్చటి ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ తీసి సైదమ్మకిచ్చాడు.

"తాగు. మూతికి ఆనిచ్చి తాగు. పెదిమలు సడలియ్యకు."

పానా పట్టుకుని ఉరకలేస్తున్న మనిషిని నీళ్లు తాగమంటే ఎలా ఉంటుంది? ఉస్తాదు కనక తాగింది. మూడు గుక్కలు దిగాయి. నాలుగో గుక్కకు బాటిల్ పళ్లూడిన ముసలమ్మ బుగ్గల్లా లోపలికి పోయింది. అయిదోది రాలేదు. గట్టిగా పీల్చింది. సగం నీళ్లు కళ్లెదుటే ఉన్నాయి, చుక్క రావడం లేదు.

నీళ్లు తాగుడు గూడ నేర్పాల్నా ఈమెకు అని లింగయ్య నవ్వాడు.

సైదమ్మ నవ్వు వినలేదు. బాటిల్ నోట్లోనే ఉంది. నొక్కుకుపోయిన బాటిల్ మీద కళ్లు నిలిచాయి, అక్కడినుంచి ట్యాంకు మీదికి పోయాయి.

పానా కింద పెట్టింది. పరుగున ఎక్కి, కత్తితో సైకిల్ ట్యూబు కోసి కవర్లు లాగేసింది. ట్యాంకు హుస్సుమని గాలి పీల్చుకుంది, నీళ్లలోంచి తల పైకెత్తిన మనిషిలాగ. తన చేతులతో తానే దాని గొంతు బిగించిన సంగతి తలుచుకుని సైదమ్మ అక్కడే కూలబడి పకపకా నవ్వింది. చున్నీ అంచు చింపి, దుమ్ము పడకుండా ట్యాంకు మూతికి పల్చగా కట్టింది.

ఇంజను పది నిమిషాలు దాటింది. పావుగంట దాటింది. అరగంట దాటాక సోమక్క కొంగు నడుముకు చెక్కి, సైదమ్మ రెండు బుగ్గలూ మసితో సహా పుణికింది. ఆఖరి సాలు కోస్తుంటే మొదటి చినుకు పడింది. వడ్ల మీద పట్టా కప్పడానికి అందరూ ఉరికారు, ఉస్తాదు కూడా.

వానలో తడిసిన లింగయ్య, ట్యాంకు మూత ఏ దుకాణంలో దొరుకుతుందక్కా అని అడిగాడు. పొద్దున లేని అక్క సాయంత్రానికి ఎక్కడినుంచి వచ్చిందో వాడే చెప్పాలి.

సైదమ్మ తలొంచుకుని పానాలు ఒక్కోటి తుడిచి పెట్టెలో సర్దుతోంది. మిర్యాలగూడ మాట ఎవరూ ఎత్తలేదు.

"రేపు పొద్దుగాల రా," అన్నాడు జానీమియా మోపెడ్ ఎక్కుతూ. "పంపు ఇప్పుదువుగాని."

ఆమె చేతిలో పానా ఆగిపోయింది. "ఇయ్యాల నేనేం ఇప్పలేదు గద, ఉస్తాద్?"

"అందుకే."