మునెమ్మ సర్దిన కుందేలు

అనగనగా, కంప్యూటర్లు అడవుల దాకా పాకిన రోజుల్లో, ఒక అడవిలో ముగ్గురు కలిసి వీడియోగేమ్ తయారుచేస్తుండేవారు. ఏనుగు ఏకాంబరం ఆటను నడిపే కోడ్ రాసేవాడు. కోతి కొండయ్య బొమ్మలు గీసేవాడు. ముంగిస మునెమ్మ ఆడి చూసి తప్పులు పట్టేది.

కుందేలు తామరాకుల మీద గెంతుతూ, మొసలికి చిక్కకుండా ఏరు దాటే ఆట అది. మృగరాజు కూతురి కోసం. పాపం, ఆ పిల్ల కాలు విరిగి నెల రోజులుగా గుహలోనే పడి ఉంది. "నేనెలాగూ గెంతలేను, కుందేలునైనా గెంతిస్తాను" అని, ఆట చేతికిస్తామన్న పున్నమి కోసం ఎదురుచూస్తోంది. పున్నమికి ఇక ఒక్కరోజే ఉంది.

మునెమ్మకేమో సర్దుడు పిచ్చి. ఆట ఫోల్డర్ చూస్తే ఒళ్లు మండిపోయేది. బొమ్మలూ, చప్పుళ్లూ, కోడూ అన్నీ ఒకేచోట కలగాపులగం! కొండయ్య పెట్టిన పేర్లయితే మరీను: "కుందేలు", "కుందేలు కొత్తది", "కుందేలు ఇదే చివరిది", "కుందేలు ఒట్టు ఇదే చివరిది".

"ఇదేం చోద్యం! చివరిది అన్నాక మళ్లీ చివరిదేమిటి?" అనుకుంది.

తక్కిన ఇద్దరూ భోజనానికి వెళ్లగానే నడుం బిగించింది. బొమ్మలకో ఫోల్డర్, చప్పుళ్లకో ఫోల్డర్ పెట్టింది. ముందుగా కుందేలు బొమ్మలను అందులో వేసి, చక్కటి కొత్త పేర్లు పెట్టింది. మురిసిపోతూ ఆట నడిపింది.

ఏరు పారుతోంది, తామరాకులు ఊగుతున్నాయి. కుందేలు లేదు!

ఇందాక కళ్లముందే ఉంది కదా, ఎక్కడికి పోయినట్టు? బొమ్మల పేర్లూ, చప్పుళ్ల పేర్లూ అటూ ఇటూ మార్చి చూసింది. ఈసారి కుందేలు వచ్చింది గానీ, గెంతినప్పుడల్లా మొసలిలా గుర్రుమంది.

"నాకెందుకొచ్చిన గొడవ! ఎక్కడివక్కడ పెట్టేస్తాను" అనుకుంది. కానీ దేనికి ఏ పేరు ఉండేది? రాసిపెట్టుకుంటేగా! తోచిన పేర్లు పెట్టి మూడోసారి నడిపింది. ఏరు ఆకాశంలో పారింది. మొసలి తామరాకు మీద కూర్చుని చెవులు ఆడించింది. మునెమ్మకు తల తిరిగిపోయింది. తను మార్చిందేమిటో, మార్చనిదేమిటో కూడా తెలియలేదు.

ఇంతలో ఇద్దరూ వచ్చారు. ఆట చూసి ఏకాంబరం మండిపడ్డాడు.

"ఒరేయ్ కొండయ్యా! నీ కోతి చేష్టలేనా ఇవి?"

కొండయ్య తెల్లబోయాడు. "ఏమో బాబాయ్, నేనే ఏదో కెలికి ఉంటాను" అని ఏడుపు మొహం పెట్టాడు.

మునెమ్మ కొండయ్య మొహం చూసింది. ఊరుకుంటే తన పరువు దక్కుతుంది. కానీ వాడేం పాపం చేశాడు? పున్నమి కోసం చూసే పిల్లకేం చెప్పాలి? సిగ్గుతో చచ్చిపోతూనే నోరు విప్పింది.

"వాణ్ణి అనకు అన్నయ్యా. సర్దింది నేను. ఎందుకు చెడిందో నాకే అర్థం కావడంలేదు."

"ఓసి నీ సర్దుడు బంగారం కానూ!" అన్నాడు ఏకాంబరం. కోపం సగం చల్లారింది. "నా కోడ్ బొమ్మల్నీ, చప్పుళ్లనీ పాతచోటే, పాత పేర్లతోనే వెతుకుతుంది. ఎవరికీ చెప్పకుండా ఇల్లు మారితే చుట్టాలు ఏ తలుపు కొడతారమ్మా?"

ముగ్గురూ కూర్చున్నారు. ఏ బొమ్మ అసలైనదో కొండయ్య చెప్పాడు. దానికి పేరూ చోటూ మునెమ్మ కుదిర్చింది. కోడ్‌లోనూ అదే పేరు ఏకాంబరం రాశాడు. ఒక్కటి మార్చడం, వెంటనే ఆడి చూడడం, ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకోవడం. పొద్దు వాలేసరికి కుందేలు తామరాకు మీదికి టపీమని గెంతింది.

మర్నాడు సింహం పిల్ల ఆ కుందేలును ఏరు దాటించి ఒక్క కేక పెట్టింది చూడండి, సంతోషంతో గుహ దద్దరిల్లింది.

"అడక్కుండా ఇంకెప్పుడూ సర్దను. ఒట్టు, ఇదే చివరిసారి" అంది మునెమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"నేనూ అలాగే రాశానత్తా!" అన్నాడు కొండయ్య.

పిల్లలూ, పదిమంది వాడేదాన్ని సర్దే ముందు వాళ్లను అడగాలి. పొరపాటు జరిగితే, నింద ఇంకొకరు మోయకముందే అది మనదని చెప్పాలి.