నాంచారమ్మ చిట్టి గులాబీ

పూర్వం ఒక రాజ్యంలో ఏటా గులాబీల పోటీ జరిగేది. ఒక ఏడు తోటపని చేసుకుని బతికే నాంచారమ్మ, తను పెంచిన చిట్టి గులాబీని మట్టికుండీతో సహా సభకు తెచ్చింది. ఒక్కో పువ్వూ రేగుపండంతే ఉంది.

అరచెయ్యంత గులాబీతో పోటీకి వచ్చిన తోటల అధికారి భుజంగరాయుడు పకపకా నవ్వాడు. "తలలో పెడితే పదిమందికీ కనబడేదే గులాబీ. ఈ గిడసబారిన మొక్కను పీకి పారేయండి!"

నాంచారమ్మ గబుక్కున కుండీకి అడ్డంగా నిలబడింది. రాజుకు దణ్ణం పెట్టింది. "అయ్యగారు చెప్పినట్టే తలలో పెట్టి చూద్దాం ప్రభూ. పువ్వు పెట్టుకుని చాలాకాలమైన వాళ్ళ తలలోనే పెడదాం."

అందరి చూపులూ రాణి పక్కనున్న చిన్నారి రాకుమారి మీదికి మళ్ళాయి. విషజ్వరంలో రాలిన జుట్టు ఆ పిల్లకు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. అందుకే తలమీది ముసుగు తీయడం లేదు.

"ఒక్కసారి తీస్తారా తల్లీ?" అని నాంచారమ్మ బతిమాలింది. పిల్ల బిడియంగా తీసింది.

భుజంగరాయుడి పెద్ద గులాబీ ఎన్నిసార్లు పెట్టినా జారిపోయింది. చిట్టి గులాబీ మాత్రం ఆ పొట్టి జుట్టులో, చెవి పైన ముద్దుగా నిలిచింది.

పిల్ల అద్దం అడిగి చాలాసేపు చూసుకుంది. "ఇటుపక్క కూడా ఒకటి కావాలి" అంది.

రాణి కళ్ళు తుడుచుకుంది. ఆ రెండో పువ్వును భుజంగరాయుడే వంగి, కోసి ఇచ్చాడు.